పాత డిఫెండర్ ఆర్380 గేర్‌బాక్స్: కొనే ముందు వెనక మూత విప్పి చూడండి

పాత ల్యాండ్‌రోవర్ డిఫెండర్ చూడ్డానికి వెళ్లినవాళ్లు ఇంజిన్ శబ్దం వింటారు, ఛాసిస్‌కి తుప్పు పట్టిందేమో చూస్తారు. ట్రాన్స్‌ఫర్ బాక్స్ (గేర్‌బాక్స్ శక్తిని ముందు, వెనక చక్రాలకి పంచే పెట్టె) వెనక ఉండే మూత జోలికి మాత్రం ఎవరూ వెళ్లరు. అసలు చూడాల్సింది అక్కడే.

ముందు మంచి చెప్తాను. ఆర్380 అయిదు గేర్ల మాన్యువల్. అంతకుముందున్న ఎల్‌టీ77 గేర్‌బాక్స్ స్థానంలో 1994లో వచ్చింది. ఇది 380 న్యూటన్ మీటర్ల టార్క్ తట్టుకునేలా చేసిన బాక్స్, పేరు కూడా అందుకే. అప్పటి డిఫెండర్‌లోని 300టీడీఐ డీజిల్ ఇంజిన్ ఇచ్చేది 265. కాబట్టి కంపెనీ ఇంజిన్‌తో పళ్లు విరుగుతాయన్న భయం పెద్దగా అక్కర్లేదు. రివర్స్‌కి కూడా సింక్రో (వేగాలు కలిపి గేరు సాఫీగా పడేలా చేసే భాగం) ఉంది. లో రేంజ్ (ట్రాన్స్‌ఫర్ బాక్స్‌లో నెమ్మది నడకకి ఉండే గేరు) ఫస్ట్‌లో, డిఫరెన్షియల్‌తో కలిపి లెక్కేస్తే, రేషియో సుమారు 43:1. రాళ్ల దిగుడులో బండి ఇంజిన్ మీదే నెమ్మదిగా దిగుతుంది. ఎల్‌టీ77 నడిపినవాళ్లు ఒకటి గుర్తుపెట్టుకోండి: రివర్స్ ఇందులో కుడివైపు, అయిదో గేరుకి వెనక.

ఇక అసలు జబ్బు. గేర్‌బాక్స్ మెయిన్ షాఫ్ట్ చివరి స్ప్లైన్ల (షాఫ్ట్ చుట్టూ పళ్లలా ఉండే గాడులు) మీద ఎల్‌టీ230 ట్రాన్స్‌ఫర్ బాక్స్ ఇన్‌పుట్ గేర్ కూర్చుంటుంది. పాత గేర్లలో ఆ స్ప్లైన్లకి ఆయిల్ అందే దారి లేదు. పొడిగా రాసుకుని రాసుకుని ఎర్రటి పొడి రాలుతుంది, గాడులు సన్నబడతాయి. యాక్సిలరేటర్ వదిలి మళ్లీ తొక్కినప్పుడల్లా 'టక్'మంటుంది. ఆ శబ్దాన్ని చాలామంది ప్రొపెల్లర్ షాఫ్ట్ జాయింట్ల మీదకి నెట్టేస్తారు. చివరికి గేర్ పడుతుంది గానీ బండి కదలదు.

చూడ్డం కష్టమేం కాదు. ఎల్‌టీ230 ఆయిల్ దింపి, వెనక మూత విప్పి, గేర్‌బాక్స్‌ని ఒక గేర్లో ఉంచి ఇన్‌పుట్ గేర్‌ని చేత్తో అటూఇటూ ఆడించండి. షాఫ్ట్ కదలకుండా గేర్ మాత్రమే ఆడితే అరుగుదల మొదలైనట్టే. స్ప్లైన్లు ఇంకా బాగుంటే ఆయిల్ రంధ్రాలున్న కొత్త తరహా గేర్ వేయించండి, అది ఆ వెనక నుంచే మారుతుంది. షాఫ్టే అరిగిపోయిందా, గేర్‌బాక్స్ మొత్తం దింపి విప్పాల్సిందే.

రెండోది క్లచ్ ఫోర్క్ (క్లచ్‌ని విడదీసే మీట), ముఖ్యంగా 300టీడీఐలో. పివట్ బంతి ఆనే చోట రేకు అరిగి చిల్లు పడుతుంది. పెడల్ తొక్కినా క్లచ్ విడవదు. స్లేవ్ సిలిండర్ (పెడల్ ఒత్తిడితో ఫోర్క్‌ని తోసేది) మార్చినా ఫలితం లేకపోతే ఫోర్క్‌నే అనుమానించండి. గేర్‌బాక్స్ ఎలాగూ దింపినప్పుడు అక్కడ పట్టీ వెల్డ్ చేసిన ఫోర్క్ వేసేయండి.

చల్లగా ఉన్నప్పుడు రెండో గేర్ మొరాయిస్తుంటే ముందు ఆయిల్ మార్చండి. దీనికి ఎంటీఎఫ్94 రకం ఆయిల్ కావాలి, సుమారు 2.67 లీటర్లు. చిక్కటి ఈపీ90 గేర్ ఆయిల్ పోస్తే సింక్రోలు సరిగా పట్టవు. డ్రెయిన్ బోల్ట్ విప్పే ముందే ఫిల్లర్ బోల్ట్ వదులవుతుందో లేదో చూసుకోండి, బిగుసుకుపోయుంటే ఖాళీ బాక్స్‌తో బండి అక్కడే నిలబడిపోతుంది.