విశ్వాసి తన రక్షణను పోగొట్టుకోగలడా?

[తెరపై: తెరచి ఉన్న పాత తెలుగు బైబిలు. హెబ్రీయులకు వ్రాసిన పత్రిక, 6వ అధ్యాయం.]

ప్రభువు నామమున మీ అందరికీ వందనాలు.

గుంటూరు జిల్లాలోని ఒక పల్లెలో ఆదివారం ఆరాధన ముగిసి, పిల్లలు చాపలు చుట్టుతున్న వేళ, అరవై దాటిన ఒక తల్లి నా దగ్గరకు వచ్చి నిలబడింది. "అయ్యగారూ, మా పెద్దోడు పదహారో ఏట బాప్తిస్మం తీసుకున్నాడు. యవ్వనస్థుల కూటాల్లో పాటలు వాడే నడిపించేవాడు. హైదరాబాదు పోయినాక గుడి గడప తొక్కట్లేదు. నేను ప్రార్థన చేద్దాం రా నాయనా అంటే లేచి బయటికి పోతన్నాడు. వాడి రక్షణ పోయినట్టేనా అయ్యగారూ?" అని అడిగింది. ఆ రోజు నేను ఆమెకు వచనాలు చెప్పాను గాని, ఆమె అడిగిన దానికి జవాబు చెప్పలేదు. ఈ వీడియోలో ఆ జవాబును వెతుకుదాం.

మన తెలుగు సంఘాల్లో ఈ ప్రశ్న పుట్టే తీరులోనే ఒక చిక్కు ఉంది. మనం ఒకరినొకరం "మీరు రక్షణ పొందారా?" అని అడుగుతాం, సాక్ష్యం చెప్పేవారు ఫలానా సంవత్సరం, ఫలానా కూటాల్లో రక్షణ పొందానని తేదీతో సహా చెబుతారు. పొందినది ఏదైనా పోగొట్టుకొనే వీలుంటుంది గనుక, మెడలో గొలుసు పోయినట్టు, పొలం దస్తావేజు పోయినట్టు రక్షణ కూడా ఎక్కడో జారిపోవచ్చునన్న భయం ఆ మాట వెంటే వస్తుంది. అయితే పౌలు పత్రికలను శ్రద్ధగా చదివితే ఆయన ఈ సంగతిని మూడు కాలాలలోనూ చెప్పాడని కనబడుతుంది: ఎఫెసీయులకు 2:8లో విశ్వాసులు ఇప్పటికే రక్షింపబడినవారు, మొదటి కొరింథీయులకు 1:18లో రక్షింపబడుచున్నవారు, రోమీయులకు 5:9లో ఉగ్రత నుండి రక్షింపబడబోవువారు. మూడు చోట్లా రక్షించేవాడు వేరొకడు. మనిషి రక్షింపబడేవాడు మాత్రమే.

యోహాను 10వ అధ్యాయంలో యేసు తన గొఱ్ఱెలను గురించి పలికిన మాట కూడా ఇలాగే నడుస్తుంది: "అవి ఎన్నటికిని నశింపవు, ఎవడును వాటిని నా చేతిలోనుండి అపహరింపడు." ఇక్కడ గొఱ్ఱె దేనినీ పట్టుకొని లేదు, కాపరియే గొఱ్ఱెను పట్టుకొని ఉన్నాడు. తరువాతి వచనంలో తండ్రి చేయి కూడా వచ్చి చేరుతుంది. ఏరు దాటేటప్పుడు బిడ్డ తండ్రి వేలు పట్టుకోవడం వేరు, తండ్రి బిడ్డ మణికట్టు పట్టుకోవడం వేరు అని మన పెద్దలు చెప్పే పోలిక ఈ వచనానికి చక్కగా సరిపోతుంది.

[తెరపై: హెబ్రీ 6:4–6 వచనాలు దగ్గరగా.]

అయితే యోహాను 10ని ఎంత గట్టిగా నమ్మినా హెబ్రీ 6ను దాటవేసే హక్కు మనకు లేదు. ఒకసారి వెలిగింపబడి, పరలోక సంబంధమైన వరమును రుచిచూచి, పరిశుద్ధాత్మలో పాలివారైన తరువాత తప్పిపోయినవారిని మారుమనస్సు పొందునట్లు మరల నూతనపరచుట అసాధ్యమని అక్కడ వ్రాయబడి ఉంది. ఈ మాటల బరువును తగ్గించడానికి కొందరు బోధకులు, "రుచి చూశారు గాని మింగలేదు, అంటే వారు నిజమైన విశ్వాసులు కారు" అని వివరిస్తారు. ఆ వివరణతో నేను ఏకీభవించలేను. ఇదే పత్రిక 2:9లో యేసు ప్రతి మనుష్యుని కొరకు మరణమును అనుభవించాడని చెప్పే చోట, గ్రీకులో ఉన్న క్రియ ఈ రుచిచూడడమే. ప్రభువు మరణాన్ని నాలుక చివరతో అంటి వదలలేదు, పూర్తిగా అనుభవించాడు. గనుక హెబ్రీ 6లోని హెచ్చరిక నామకార్థపు క్రైస్తవుల కోసం మాత్రమే వ్రాయబడినదని తేల్చివేసి విశ్వాసులు నిశ్చింతగా నిద్రపోవడం సరికాదు.

అదే అధ్యాయాన్ని ఇంకొంచెం ముందుకు చదవాలి. 9వ వచనంలో రచయిత గొంతు మారుతుంది: ప్రియులారా అని పిలిచి, ఇంతకంటె మంచిదియు రక్షణకరమైనదియునైన స్థితిలో మీరున్నారని రూఢిగా నమ్ముచున్నామని అంటాడు. 19వ వచనానికి వచ్చేసరికి నిరీక్షణను ఆత్మకు లంగరు అంటాడు. అంత భయంకరమైన హెచ్చరికా అంత గట్టి లంగరూ ఒకే అధ్యాయంలో, ఒకే సంఘానికి వ్రాసిన మాటలలో ఉన్నాయంటే, ఈ రెండిటిలో ఒకదానిని ఎంచుకొని రెండవదానిని పక్కన పెట్టమని రచయిత ఉద్దేశం కాదు.

ఈ విషయంలో సంఘశాఖలు ఏకాభిప్రాయానికి రాలేదు. 1547లో కతోలిక సంఘపు ట్రెంటు మహాసభ, నీతిమంతునిగా తీర్చబడినవాడు చావైన పాపం, అంటే ఆత్మకు మరణకరమైన ఘోర పాపం వలన కృపను పోగొట్టుకోగలడని, పశ్చాత్తాప సంస్కారం ద్వారా తిరిగి పొందగలడని ప్రకటించింది. కతోలిక బోధ నేటికీ అదే. లూథరన్ల 1530 నాటి ఆగ్స్‌బర్గ్ ఒప్పుకోలు కూడా, ఒకసారి నీతిమంతులైనవారు పరిశుద్ధాత్మను కోల్పోరన్న వాదాన్ని ఖండించింది. డచ్చి దేశంలో ఆర్మీనియస్ అనే వేదపండితుని అనుచరులు 1610లో ఐదు అంశాల విన్నపం సమర్పించినప్పుడు, విశ్వాసి చివరకు తొలగిపోగలడా లేదా అన్నది లేఖనాలలో ఇంకా పరిశీలించవలసి ఉందని ఐదవ అంశంలో వ్రాశారు. 1618–19లో డార్ట్ నగరంలో కూడిన సభ వారిని కాదని, దేవుడు తనవారిని కడవరకు కాపాడుతాడని తీర్మానించింది. ఆ సభ కూడా విశ్వాసులు పడిపోరని చెప్పలేదు. దావీదు, పేతురుల పేర్లు ఎత్తి మరీ, పరిశుద్ధులు ఘోరంగా పడిపోగలరని ఒప్పుకొంది. మెథడిస్టు ఉద్యమానికి మూలపురుషుడైన జాన్ వెస్లీ 1751లో వ్రాసిన చిన్న పుస్తకంలో డార్ట్ అభిప్రాయాన్ని తిరస్కరించాడు.

ఇవి మనకు దూరపు సంగతులు కావు. 1842లో మిషనరీ హయ్యర్ దొర గుంటూరుకు తెచ్చినది లూథరన్ బోధ; 1878 జూలై 3న ఒంగోలు మిషను పరిధిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందినది బాప్తిస్టుల చేతుల మీదుగా; మెదకు ప్రాంతానికి సువార్త వచ్చింది వెస్లియన్ మిషనరీల ద్వారా. ఒంగోలు పిల్ల గుంటూరు కోడలైతే, పుట్టింటి గుడిలో ఒక జవాబు, అత్తింటి గుడిలో ఇంకొక జవాబు వినవచ్చు.

[తెరపై: పపైరస్ ముక్క. సన్నని గ్రీకు అక్షరాలు.]

ఈ ప్రశ్న ప్రాణం మీదికి వచ్చిన కాలం ఒకటి ఉంది. క్రీ.శ. 250లో రోమా చక్రవర్తి డీసియస్, సామ్రాజ్యంలోని వారందరూ దేవతలకు బలి అర్పించి, అర్పించినట్టు అధికారుల చేత ధ్రువపత్రం తీసుకోవాలని ఆజ్ఞాపించాడు. అటువంటి పత్రాలు నలభైకి పైగా ఈజిప్టులో దొరికాయి. ఒక దానిలో అర్జీదారు వయస్సు 72 ఏళ్ళని, కుడి కనుబొమ మీద మచ్చ ఉన్నదని గుర్తుతో సహా వ్రాసి ఉంది; నేను ఎల్లప్పుడూ దేవతలకు బలులు అర్పిస్తూనే వచ్చాను, ఇప్పుడు మీ యెదుట అర్పించాను, పానార్పణ పోశాను, బలిమాంసం రుచి చూశాను, ధ్రువీకరించవలసిందని అర్జీ. ఇవి క్రైస్తవులే కాక ఇతరులూ తీసుకోవలసిన పత్రాలు. అయితే ఒక క్రైస్తవుడు ఇటువంటి కాగితం పట్టుకొని ఇంటికి నడిచి వెళ్ళడం ఎలా ఉంటుందో ఊహించండి. తాను ఎల్లప్పుడూ క్రీస్తుకు వెలుపలి వాడినేనని సంతకం చేసిన కాగితం అది.

ఉత్తర ఆఫ్రికాలోని కార్తేజు సంఘంలో అలా పడిపోయినవారు చాలామంది. కొందరు బలి అర్పించారు. కొందరు అర్పించకుండానే లంచమిచ్చి పత్రం కొనుక్కొన్నారు. హింస సద్దుమణిగాక వారు ఏడ్చుకొంటూ గుడి తలుపు దగ్గరకు వచ్చినప్పుడు ఏమి చేయాలన్నది ప్రశ్న. రోములో నొవేషియన్ అనే సంఘ పెద్ద, వారికి దేవుని యెదుట ఏమున్నా సంఘానికి వారిని క్షమించి చేర్చుకొనే అధికారం లేదని తెగేసి చెప్పి, వేరు సంఘం పెట్టాడు. కార్తేజు బిషప్పు సిప్రియన్ 251లో పశ్చాత్తాపానికి తగిన కాలాన్ని విధించి, దారి తెరచి ఉంచాడు. ఆ రోజుల్లో ఆయన కాస్టస్, ఎమీలియస్ అనే ఇద్దరిని జ్ఞాపకం చేశాడు. వారు మొదట మంటలకు లొంగి విశ్వాసం కాదన్నవారు; రెండవసారి పట్టుబడినప్పుడు అవే మంటలలో నిలబడి ప్రభువును ఒప్పుకొన్నారు. వారు పడిన రోజునే ఎవరైనా "వీరి రక్షణ పోయింది" అని తీర్పు వ్రాసి ఉంటే ఆ తీర్పు తప్పయ్యేది. సిప్రియన్ తానే 258లో శిరచ్ఛేదం పొందాడు.

[తెరపై: తుపానులో ఓడ. అపొస్తలుల కార్యములు 27.]

ఇక నేను లేఖనం నుండి నమ్మినది చెబుతాను. అపొస్తలుల కార్యములు 27లో పౌలు ఎక్కిన ఓడ పద్నాలుగు రాత్రులు తుపానులో కొట్టుకుపోయింది. అందులో 276 మంది ఉన్నారు. ఒక్క ప్రాణమూ పోదని దేవుని దూత పౌలుకు మాట ఇచ్చాడు, పౌలు దానిని అందరికీ చెప్పాడు. ఆ తరువాత ఓడవారు లంగరులు వేస్తున్నట్టు నటించి, పడవ దించుకొని పారిపోబోయారు. అప్పుడు అదే పౌలు శతాధిపతితో, వీరు ఓడలో ఉంటేనే గాని మీరు తప్పించుకొనలేరని హెచ్చరించాడు. సైనికులు వెంటనే పడవ త్రాళ్ళు కోసివేశారు.

ఎవరూ నశించరన్న వాగ్దానం ముందే ఉంది. అయినా "ఉంటేనే గాని" అన్న షరతు నిజమైనదే. ఆ హెచ్చరికకు భయపడి సైనికులు త్రాళ్ళు కోయడం ద్వారానే దేవుడు తన వాగ్దానాన్ని నెరవేర్చాడు. హెబ్రీ 6 కూడా ఇటువంటి కేక అని నా నమ్మకం. కాపరి తన గొఱ్ఱెలను పట్టుకొని ఉండే పద్ధతులలో, లోయ అంచున వాటిని గద్దించడం ఒకటి. ఆ గద్దింపు వినబడి గుండె ఝల్లుమన్నవాడు, నేను తప్పిపోయానేమో అని రాత్రులు నిద్రపోనివాడు, ఇంకా కాపరి స్వరం వింటున్నవాడే. ఆ స్వరం తనకు కాదని, ఎప్పుడో తీసుకొన్న బాప్తిస్మం చాలునని పాపంలో హాయిగా కూర్చున్నవాడికి మాత్రం యోహాను 10ని ఊరటగా చదివి వినిపించడానికి నాకు ధైర్యం చాలదు. ఆ వాగ్దానం ఆయన స్వరము విని ఆయనను వెంబడించే గొఱ్ఱెలకు ఇచ్చినదని 27వ వచనం స్పష్టంగా చెబుతుంది. లూథరన్ సోదరులు, వెస్లియన్ సోదరులు ఇక్కడ నాతో విభేదిస్తారు, తప్పిపోయినవాడు నిజంగా విశ్వాసియే అయి ఉండవచ్చునంటారు. వారి మాటకు లేఖనాధారం లేదని నేను అనను; అయినా పిలిచినవానిని మహిమపరచేవరకు మధ్యలో ఎవరూ జారిపోని రోమా 8:30 గొలుసును నేను తెంచలేకపోతున్నాను.

[తెరపై: రెండవ తిమోతి 4:10–11.]

కొన్ని నెలల తరువాత ఆ తల్లిని మళ్ళీ కలిశాను. ఈసారి ఆమెకు రెండవ తిమోతి 4వ అధ్యాయం తీసి చదివాను. 10వ వచనంలో దేమా ఉన్నాడు. ఫిలేమోను పత్రికలో పౌలుకు జతపనివాడు; ఇక్కడ ఇహలోకమును స్నేహించి పౌలును విడిచి థెస్సలొనీకకు వెళ్ళిపోయినవాడు. తరువాతి వచనంలోనే మార్కు ఉన్నాడు. అతడు కూడా ఒకప్పుడు పంఫూలియలో పనిని విడిచి యెరూషలేముకు తిరిగి వెళ్ళిపోయినవాడే. అతని మూలంగా పౌలు, బర్నబా తీవ్రమైన వాదంతో విడిపోయారు. ఇప్పుడు చెరసాలలో ఉన్న పౌలు, మార్కును వెంటబెట్టుకొని రమ్మని, అతడు పరిచారము నిమిత్తము తనకు ప్రయోజనకరమైనవాడని వ్రాస్తున్నాడు. ఇద్దరూ విడిచి వెళ్ళినవారే. మార్కు పంఫూలియలో వెనుదిరిగిన రోజున, అతడు తిరిగి వస్తాడని చూసినవారెవరూ చెప్పగలిగేవారు కాదు.

"మీవాడు దేమా అని చెప్పే అధికారం నాకు లేదమ్మా, మార్కు అని మాట ఇచ్చే అధికారమూ లేదు. వాడిని పిలవడం మాత్రం మానవద్దు" అన్నాను. ఆమె కాసేపు మాట్లాడలేదు. తరువాత తన బైబిలు నా చేతికిచ్చి, మార్కు ఉన్న ఆ వచనం కింద గీత గీసిపెట్టమంది.