జ్ఞాపకాన్ని ఎదుర్కోవడం: శరణార్థి శిబిరాలు నేర్పినది

శ్రోతలకు నమస్కారం. యుద్ధాన్నో, చిత్రహింసలనో అనుభవించిన మనిషి వాటిని గుర్తుకు తెచ్చే చోటికి వెళ్లడు, ఆ ప్రస్తావన ఎత్తనివ్వడు. దానివల్ల కాసేపు ఊరట దొరుకుతుంది గాని భయం తగ్గదు. శిక్షణ పొందిన వ్యక్తి తోడుగా ఉండి, భద్రమైన చోట ఆ జ్ఞాపకాన్ని పూర్తిగా తలచుకునేలా, చెప్పుకునేలా చేస్తే, అది ఇప్పుడు జరుగుతున్నది కాదని, జరిగిపోయినదని మనసు క్రమంగా గ్రహిస్తుంది. ఎక్స్‌పోజర్ థెరపీ ఆధారపడేది దీనిపైనే.

పాశ్చాత్య దేశాల్లో రూపుదిద్దుకున్న ఈ చికిత్స, సొంత బాధను పరాయివారి ముందు పెట్టడం అలవాటు లేని సమాజాల్లో పనిచేస్తుందా అన్న సందేహం సహజమైనదే. అయితే 'అక్కడివారు బాధను చెప్పుకోరు' అన్న మాటను నేను తేలిగ్గా ఒప్పుకోలేను. వినే ఓపిక లేనివారు కూడా ఆ మాటే అంటారు.

జర్మనీలోని కాన్‌స్టాంజ్ విశ్వవిద్యాలయానికి చెందిన మాగీ షావెర్, ఫ్రాంక్ నోయ్‌నర్, థామస్ ఎల్బర్ట్ రూపొందించిన నెరేటివ్ ఎక్స్‌పోజర్ థెరపీ (కథనచికిత్స)లో ఒక్క దుర్ఘటనను మాత్రమే కాక, పుట్టినప్పటి నుంచి నేటి వరకు మొత్తం జీవితాన్ని వరుసగా చెప్పిస్తారు. నేలపై తాడు పరిచి, మంచి రోజులకు పూలు, చెడ్డ రోజులకు రాళ్లు పెట్టిస్తారు. చెప్పినదంతా చికిత్సకులు రాసి, చదివి వినిపించి, చివరకు ఆ కథను చెప్పినవారికే అందజేస్తారు. చిలీ సైనిక పాలనలో బాధితుల వాంగ్మూలాలను నమోదు చేసిన మనస్తత్వవేత్తల కృషి దీనికి ఒక మూలం కనుక, ఇది పూర్తిగా ఐరోపా సొత్తు అనడం కూడా సరికాదు.

ఉగాండాలోని ఇంవేపి శిబిరంలో 43 మంది సూడాన్ శరణార్థులపై జరిపి 2004లో ప్రచురించిన పరీక్షలో, ఏడాది తరువాత కూడా పీటీఎస్‌డీ (ఘోర అనుభవం తరువాత వదలకుండా వేధించే మానసిక రుగ్మత) మిగిలినవారు ఈ చికిత్స పొందిన బృందంలో 29 శాతమే కాగా, సాధారణ కౌన్సెలింగ్ పొందిన బృందంలో 79 శాతం. ఇది చిన్న పరీక్షే. అదే దేశంలోని నకివాలే శిబిరంలో, 277 మంది రువాండా, సోమాలియా శరణార్థులతో జరిపి 2008లో ప్రచురించిన పెద్ద పరీక్షలో చికిత్స చేసింది డాక్టర్లు కాదు, శిక్షణ పొందిన శరణార్థులే. అందులో ఈ చికిత్సకూ, మరింత స్వేచ్ఛగా సాగే ట్రామా (మానసిక గాయం) కౌన్సెలింగ్‌కూ ఫలితంలో తేడా కనిపించలేదు గాని, మధ్యలో మానుకున్నవారు కథనచికిత్సలో 4 శాతం, కౌన్సెలింగ్‌లో 21 శాతం. కథ చెప్పించడం తట్టుకోలేనంత కఠినమన్న భయానికి నా దృష్టిలో ఇంతకంటే సూటి జవాబు లేదు.

అయినా ఎక్కడైనా నేరుగా జ్ఞాపకంతోనే మొదలుపెట్టవచ్చని దీని అర్థం కాదు. అమెరికాలో కంబోడియా శరణార్థులకు చికిత్స చేసిన డెవన్ హింటన్, వారిలో చాలామందికి లేచి నిలబడగానే కలిగే తలతిరుగుడు ప్రాణభయంగా మారుతున్నదని గమనించారు. ఒంట్లో గాలి పైకెగసి, ఊపిరాగిపోతుందనో మెడలోని నాళాలు పగులుతాయనో వారి నమ్మకం. ఆ భయంతోనే పాత హింస జ్ఞాపకాలు కూడా ముంచుకొస్తాయి. అందుకే ఆయన పద్ధతిలో ముందుగా శరీర లక్షణాల గురించిన భయాన్ని తగ్గిస్తారు. కావాలని తల తిప్పించి, ఆ అనుభూతికి ఆహ్లాదకరమైన ఊహలను జతచేయిస్తారు.