కాల్చని మెరుపు

శ్రోతలకు నమస్కారం.

విజయవాడ ఆటోనగర్‌లో వెల్డింగ్ షెడ్డు పక్క నుంచి వెళ్తూ మనం కళ్ళు తిప్పేసుకుంటాం. ఇనుము దగ్గర భగ్గుమనే ఆ వెలుగు ప్లాస్మా, వేల డిగ్రీల వేడి. ఇంటికొచ్చి ట్యూబులైటు వేస్తే అందులో వెలిగేదీ ప్లాస్మానే. ఎల్‌ఈడీ కాదండోయ్, చోకూ స్టార్టరూ ఉన్న పాత ట్యూబు. దాన్ని ముట్టుకుంటే గోరువెచ్చగా ఉంటుందంతే.

కరెంటు దెబ్బకి వాయువులోని అణువుల నుంచి ఎలక్ట్రాన్లు ఊడిపోతే అది ప్లాస్మా. 1928లో అమెరికా శాస్త్రవేత్త ఇర్వింగ్ లాంగ్‌మ్యూర్ పెట్టిన పేరిది. కరోనా రోజుల్లో దాతల కోసం తిరిగామే, ఆ రక్తంలోని ప్లాస్మా వేరు. వెల్డింగులో ఎలక్ట్రాన్లూ వాయువూ అన్నీ కలిసి కాగుతాయి. ట్యూబులైటులోది చల్లని ప్లాస్మా. అందులో తేలికైన ఎలక్ట్రాన్లే వేడెక్కుతాయి, వాయువు చల్లగానే ఉంటుంది. పెళ్ళి పందిట్లో పిల్లలు పరుగులు తీస్తుంటే పెద్దలు కుర్చీల్లో కదలకుండా కూర్చున్నట్టు.

మా బాబాయిది గుంటూరు. షుగరున్న మనిషి. భవానీ మాల వేసుకుని, వద్దంటే వినకుండా చెప్పుల్లేకుండా బెజవాడ కొండకి నడిచాడు. అరికాల్లో గాజుపెంకు దిగింది. కాలికి స్పర్శ తగ్గింది కదా, నొప్పే తెలియలేదు. చాప మీద నెత్తుటి మరక చూసి పిన్నే కనిపెట్టింది. నెలలు గడిచినా పుండు మానలేదు. ఇలాంటి పుళ్ళలో బాక్టీరియా నీళ్ళ తొట్టిలో పాచిలా జిగురుపొర కట్టుకుని కూర్చుంటుంది. ఆ పొర దాటి లోపలికి వెళ్ళడం మందులకు కష్టం.

చల్లని ప్లాస్మా గాలికి తగిలితే ఓజోను, నైట్రిక్ ఆక్సైడు లాంటివి పుడతాయి. పాత జిరాక్స్ మిషన్ల దగ్గర ఘాటుగా వచ్చే వాసన ఓజోనుదే. ఇవి బాక్టీరియా పైపొరను చిల్లులు పొడిచి, లోపలి ప్రొటీన్లనూ డీఎన్ఏనూ పాడుచేస్తాయి. యాంటీబయాటిక్ సాధారణంగా ఒక చోట గురిపెడుతుంది, ఇక్కడ దెబ్బ నాలుగు వైపుల నుంచి. అందుకే మందులకు లొంగని రకాలూ ప్రయోగశాలలో దీనికి చచ్చాయి. మన కణాలకు వీటిని విరిచేసే ఎంజైములు ఎక్కువ కాబట్టి కొద్దిసేపైతే తట్టుకుంటాయి. మోతాదు మించితే వాటికీ దెబ్బే.

జర్మనీలోని గ్రైఫ్స్‌వాల్డ్‌లో ఆర్గాన్ వాయువుతో పనిచేసే, పెన్ను ఆకారంలో ఉండే పరికరం తయారైంది. 2013లో యూరప్‌లో వైద్య పరికరంగా అనుమతి పొందింది. ఊదారంగు సన్నని మంటలా కనిపించే చల్లని ప్లాస్మాను పుండు మీద మెల్లగా తిప్పుతారు. 2020లో ప్రచురించిన జర్మన్ పరీక్షలో షుగరు పుళ్ళు దీనితో త్వరగా చిన్నవయ్యాయి. కానీ ఇక్కడో తిరకాసుంది. మామూలు వైద్యం పొందినవారితో పోలిస్తే బాక్టీరియా లెక్కలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. ప్రయోగశాల గాజుపళ్ళెంలో చచ్చినంత తేలిగ్గా బాక్టీరియా పుండులో చావదన్నమాట. మానడానికి వేరే కారణాలూ ఉన్నాయని నాకనిపిస్తుంది.

ఇదంతా చెబితే బాబాయి ఓపిగ్గా విని, “సరేరా, ఆ పెన్ను మన గుంటూరు వచ్చేలోగా ఈ కట్టు మార్చు. గాజుగుడ్డ గూట్లో ఉంది” అన్నాడు.