మొక్కలు నాటితే సరిపోదు: విలామెట్ ఒడ్డున నిప్పు ఎందుకు పెడుతున్నారు?

నమస్తే. నది ఒడ్డు పార్కులో పాత ప్రకృతిని తిరిగి తేవాలంటే ఏం చెయ్యాలి? ఎవరిని అడిగినా రెండే జవాబులు. "మొక్కలు నాటండి" అంటారు, లేదంటే "దాని మానాన వదిలేయండి, అదే కోలుకుంటుంది" అంటారు. ఈ రెండూ పనికిరాని చోటు ఒకటుంది. ఇవాళ అదే చూద్దాం.

[స్క్రీన్ మీద: ఒరెగాన్ మ్యాప్, విలామెట్ నది]

అమెరికాలో ఒరెగాన్ రాష్ట్రం, యూజీన్ నగరం. విలామెట్ నది పక్కనే ఆల్టన్ బేకర్ పార్కు. అందులో తూర్పు భాగాన్ని విలమట్ నేచురల్ ఏరియా అంటారు. బాట పక్కన, ఇక్కడి మూలవాసులైన కలపూయ జనం భాషలో మాటలు చెక్కిన రాళ్ళు ఉంటాయి. పోర్ట్‌లాండ్, హిల్స్‌బరోలో ఉన్న మనవాళ్ళకు కారులో సుమారు రెండు గంటల దారి.

ఈ విలామెట్ లోయ ఒకప్పుడు అడవి కాదు. చాలావరకు గడ్డి మైదానం, మధ్యమధ్య ఓక్ చెట్లు. అలా ఉండటానికి కారణం మనుషులు. వేసవి చివర గడ్డి ఎండగానే కలపూయ జనం నిప్పు పెట్టేవాళ్ళు. 1826 శరత్కాలంలో ఈ దారిన వెళ్ళిన వృక్షశాస్త్రజ్ఞుడు డేవిడ్ డగ్లస్, నేల చాలామేర కాలిపోయి ఉందని, పచ్చదనం అక్కడక్కడే కనిపించిందని రాసుకున్నాడు. ఆ మంటల వల్లే ఫర్ అనే సూదాకుల చెట్ల మొలకలు ఎదిగేవి కావు, కొత్త గడ్డికి జింకలు వచ్చేవి, తిండికి పనికొచ్చే టార్‌వీడ్ అనే మొక్క గింజలు ఏరుకోవడం తేలికయ్యేది.

మన ఊరి చెరువు తలుచుకోండి. చెరువు దానంతటదే పుట్టలేదు. ఎవరో కట్ట పోశారు, ఏటా పూడిక తీశారు, తూము చూసుకున్నారు. పట్టించుకోవడం మానేస్తే ఏమవుతుంది? పూడిక నిండి, సర్కారు తుమ్మ మొలుస్తుంది. పచ్చగానే ఉంటుంది, కానీ దాన్ని చూసి "ప్రకృతి కోలుకుంది" అని ఊళ్ళో ఎవరూ అనరు. చెరువు పోయింది అంటారు. విలామెట్ లోయలో జరిగింది అదే.

[స్క్రీన్ మీద: ఫర్ చెట్ల మధ్య ఇరుక్కున్న ఓక్]

ఈ చెట్టును దగ్గరగా చూడండి. కింది కొమ్మలు అడ్డంగా చాలా దూరం చాచి ఉన్నాయి, కానీ అన్నీ ఎండిపోయాయి. ఆరుబయట, చుట్టూ ఎండ తగిలే చోట పెరిగిన ఓక్ మాత్రమే అలా చెయ్యి చాస్తుంది. అంటే ఈ చుట్టూ ఉన్న డగ్లస్ ఫర్లన్నీ తర్వాత వచ్చినవి. మంటలు ఆగాక మొలిచి, ఓక్‌ను దాటి పెరిగి, దాని ఎండను మింగేశాయి. ఇప్పుడు చెప్పండి, ఇక్కడ ఇంకా మొక్కలు నాటితే ఎవరికి లాభం? చెరువు గర్భంలో మొక్కలు నాటినట్టే కదా!

మంటలు ఎందుకు ఆగాయి? 1830ల మొదట్లో మలేరియా వచ్చి ఇక్కడి ప్రజల్లో ఎక్కువమందిని బలితీసుకుంది. మిగిలినవాళ్ళతో 1855లో ఒప్పందం చేయించి, మరుసటి ఏడు గ్రాండ్ రోండ్ రిజర్వేషన్‌కు, అంటే మూలవాసుల కోసం ప్రభుత్వం విడిగా కేటాయించిన ప్రాంతానికి, తరలించారు. చెరువు కబ్జా చేసి, నీళ్ళు వదిలే నీరటిని కూడా ఊళ్ళోంచి వెళ్ళగొట్టడం అది. నాకు అన్నిటికన్నా బాధగా అనిపించే ముక్క ఇదే. ఆ పాత మైదానాల్లో ఇప్పుడు మిగిలింది 2 శాతం కూడా లేదు.

ఆ నీరటికి, అంటే కలపూయ జనానికి, తెలిసేది ఎంత సూక్ష్మమో ఒక్కటి చెబుతాను. ఇక్కడ కమాస్ అని నీలం పూల మొక్క, దాని గడ్డే ముఖ్యమైన తిండి. నేలలో గుంట తవ్వి, కాల్చిన రాళ్ళ మీద గడ్డలు పేర్చి, మట్టి కప్పి, రోజు, రెండు రోజులు మగ్గబెడితే అందులోని ఇన్యులిన్ అనే అరగని పిండిపదార్థం చక్కెరగా మారి తియ్యగా అవుతుంది. అదే మైదానంలో తెల్లపూల విషపు మొక్క కూడా ఉంటుంది. గడ్డలు చూస్తే రెంటికీ తేడా తెలియదు. పూలున్నప్పుడే గుర్తుపట్టాలి. అందుకే, ఈ నేలను ఎవరూ తాకకుండా ఉంచితే చాలు అనేవాళ్ళ మాట నేను ఒప్పుకోను. వాళ్ళు గడ్డలు తవ్వినకొద్దీ మట్టి గుల్లబారి చిన్న గడ్డలకు చోటు దొరికేది.

టైమ్ అయిపోతోంది, బాగుచేసే పని గబగబా చెప్పేస్తాను. ముందు ఓక్‌ల చుట్టూ ఉన్న ఫర్లు కొట్టేస్తారు. అవును, పార్కులో చెట్లు కొడతారు. తర్వాత బ్లాక్‌బెర్రీ ముళ్ళపొదలు, బయటి నుంచి వచ్చిన గడ్డి తీసేస్తారు. తర్వాత నిప్పు. యూజీన్ చుట్టుపక్కల చిత్తడి నేలల్లో, పిస్గా కొండ దగ్గర సెప్టెంబర్, అక్టోబర్‌లలో, పొగ ఊరి మీదకు రాని రోజు చూసి, అనుమతి తీసుకుని పెడతారు. ఫెండర్స్ బ్లూ సీతాకోకచిలుక ఉన్న చోట ఒకేసారి మొత్తం కాల్చరు, కొంత భాగమే. దాని గొంగళిపురుగులు అప్పుడు నేల మీదే నిద్రలో ఉంటాయి. బూడిద మీద వెంటనే స్థానిక గింజలు చల్లుతారు. గింజ నుంచి కమాస్ పూత పట్టాలంటే కనీసం మూడు, నాలుగేళ్ళు ఆగాలి.

ఫలితం ఉందా? ఉంది. అంతరించిందనుకున్న ఆ సీతాకోకచిలుక 1989లో మళ్ళీ కనబడింది. 2023లో దాని ప్రమాద స్థాయిని ఒక మెట్టు తగ్గించారు. గ్రాండ్ రోండ్, సిలెట్జ్ అనే మూలవాసుల తెగలవాళ్ళు ఇప్పుడు లోయలో జరిగే ఈ మంటల పనిలో స్వయంగా పాల్గొంటున్నారు.

కమాస్ పూలు చూడాలంటే ఏప్రిల్ చివర్లో, మే మొదట్లో వెళ్ళండి. బాట దిగకండి, గడ్డలు తవ్వకండి.