మారుతి 800: కొత్త సీల్ వేసినా గేర్ ఆయిల్ ఎందుకు కారుతుంది?

[తెర మీద: గచ్చు మీద నూనె మరక, ముందు చక్రం లోపలి వైపు]

నమస్కారమండి. ఆ చుక్కని వేలితో తీసి ఒక్కపాలి వాసన చూడండి. గంధకంలా ఘాటుగా ఉంటే గేర్ ఆయిల్. నల్లగా, మాడు వాసనగా ఉంటే ఇంజన్ ఆయిల్. గేర్ బాక్స్ నుంచి చక్రానికి వెళ్లే షాఫ్ట్ చుట్టూ గ్రీజు చిమ్మి ఉంటే జాయింటు బూటు (రబ్బరు తొడుగు) చిరిగినట్టు, సీల్ జోలికి పోనక్కర్లేదు. సీల్ అంటే షాఫ్ట్ గేర్ బాక్స్‌లోకి దూరే చోట నూనెని ఆపే రబ్బరు రింగు.

గేర్ ఆయిలే అయితే ముందు బ్రీదర్ చూడండి. గేర్ బాక్స్ పైనున్న గాలి దారి అది. వానల్లో పాలకొండ, రాజాం వైపు మట్టి దారుల్లో తిరిగే బండికి అది బురదతో పూడిపోవచ్చు. గేర్ బాక్స్ వేడెక్కాక లోపలి గాలికి దారి దొరకదు, సీల్ అంచు మీంచి నూనెని బయటకు తోస్తుంది. అప్పుడు ఎన్ని సీళ్లు మార్చినా కారుతూనే ఉంటుంది.

[తెర మీద: స్టాండ్ల మీద బండి, వెనక చక్రాలకి అడ్డుగా చెక్కలు]

నూనె నింపే బోల్టు ముందు విప్పండి. కింది బోల్టు తీసి అంతా ఖాళీ చేశాక పైది రాకపోతే బండి కదలదు.

కళింగపట్నం లాంటి సముద్రపు ఊళ్లలో బాల్ జాయింటు (చక్రం కింది ఆర్మ్‌ని చక్రానికి కలిపే గుండు కీలు) బోల్టు ఉప్పు గాలికి తుప్పు పట్టేస్తుంది. ముందు రోజు రాత్రే తుప్పు వదిలించే నూనె కొట్టి ఉంచండి. ఆ బోల్టు తీసి, స్టెబిలైజర్ బార్ (మలుపుల్లో బండి ఒరగకుండా ఆపే కడ్డీ) బ్రాకెట్లు వదులు చేస్తే ఆర్మ్ కిందికి దిగుతుంది. చక్రం మధ్యనుండే పెద్ద హబ్ నట్ విప్పక్కర్లేదు. బ్రేకు గొట్టం మాత్రం లాగుడు పడకుండా చూసుకోండి.

షాఫ్ట్‌ని చేత్తో పట్టి లాగొద్దు, లోపలి జాయింటు విడిపోతుంది. గేర్ బాక్స్‌కీ జాయింటుకీ మధ్య లీవర్ పెట్టి ఎత్తితే తాళం రింగు వదులుతుంది.

[తెర మీద: జాయింటు మెడ దగ్గరగా]

అసలు పని ఇక్కడుంది. సీల్ రాసుకునే చోట గోరుతో గీరండి. గోరు తట్టుకుంటే అక్కడ గాడి పడింది. పైపైన గాడి అయితే కొత్త సీల్‌ని పాతదానికంటే 1 మిల్లీమీటరు తేడాగా కూర్చోబెడితే అంచు నున్నటి చోట పడుతుంది. లోతుగా ఉంటే జాయింటే మార్చాలి. షాఫ్ట్ తీయకముందే పైకీ కిందికీ ఊపి చూసి ఉండాలి. బాగా ఆడుతుంటే డిఫరెన్షియల్ (రెండు చక్రాలకీ తిరుగుడు పంచే గేర్లు) బేరింగు అరిగి ఉండొచ్చు, అలాగైతే కొత్త సీల్ కూడా త్వరగా పోతుంది.

పాత సీల్‌ని స్క్రూడ్రైవర్‌తో తీసేప్పుడు అల్యూమినియం గూటి మీద గీత పడకూడదు. పడితే సీల్ బయటి అంచు నుంచే కారుతుంది. కొత్తదాని స్ప్రింగు ఉన్న వైపు నూనె వైపుకి వెళ్లాలి. స్ప్రింగు ఎగిరిపోకుండా అక్కడ గ్రీజు నింపండి, అంచుకి గేర్ ఆయిల్ రాయండి. సీల్ బయటి అంచుకి సరిపడే సాకెట్ పెట్టి చుట్టూ సమానంగా, మెల్లగా కొట్టండి. ఒక వైపు ముందు దిగితే తీసి మళ్లీ కొట్టండి, వంకరగా వదిలేయొద్దు.

తాళం రింగు కొత్తది వేయండి. షాఫ్ట్‌ని నిటారుగా తోయండి, పళ్లు సీల్ అంచుకి తగిలితే కోసుకుపోతుంది. టక్కుమన్నాక జాయింటుని లాగి చూడండి, రాకూడదు.

విప్పిన బోల్టులు, బ్రాకెట్లు అన్నీ తిరిగి బిగించాక బండిని సమంగా దించి, మాన్యువల్‌లో ఉన్న గ్రేడు నూనె నింపే రంధ్రం అంచు దాకా పోయండి. 15 కిలోమీటర్లు తిప్పి, కింద అట్టముక్క పరిచి తెల్లారి చూడండి.