లాస్ట్ ఎపోక్‌లో రోగ్ బిల్డ్: ముందు ప్రాణం, తర్వాతే డ్యామేజ్

నమస్కారమండి. పాలకొల్లు నుంచి మాట్లాడుతున్నాను. లాస్ట్ ఎపోక్ అనే కంప్యూటర్ గేమ్ ఆడేవాళ్ళు చాలామంది ఒకటే అడుగుతున్నారు: "అన్నా, రోగ్ మొదలుపెట్టాం, ఏ బిల్డ్ వేస్తే గట్టిగా ఉంటుంది?" ఈ వీడియోలో దానికే జవాబు చెబుతాను. రోగ్ అంటే ఇందులో ఒక క్లాస్, అంటే మనం ఆడే పాత్ర రకం. బిల్డ్ అంటే ఆ పాత్రకి స్కిల్స్, పాయింట్లు, వస్తువులు ఎంచుకునే తీరు. మూడు మాస్టరీలూ, అంటే రోగ్ ఎంచుకోగల మూడు దారులూ చూద్దాం. నాకేది నచ్చిందో, ఎందుకు నచ్చిందో చెబుతాను. మధ్యలో కొంచెం లెక్కలు వస్తాయి. లెక్క అనగానే వీడియో ముందుకి జరిపేయకండి, అసలు సంగతి అక్కడే ఉంది.

కొత్తవాళ్ళ కోసం రెండు ముక్కలు. ఎలెవెంత్ అవర్ గేమ్స్ వాళ్ళ గేమ్ ఇది. చాలాకాలం ఎర్లీ యాక్సెస్‌లో, అంటే పూర్తికాకముందే ఆడనిచ్చే దశలో ఉండి, 2024 ఫిబ్రవరి 21న 1.0 వెర్షన్ వచ్చింది. ఐదు క్లాసులు, ఒక్కోదానికి మూడు మాస్టరీలు. రోగ్‌కి బ్లేడ్‌డాన్సర్, మార్క్స్‌మన్, ఫాల్కనర్. వీటిలో ఫాల్కనర్ 1.0తో పాటే వచ్చింది. బ్లేడ్‌డాన్సర్ దగ్గరికెళ్ళి కత్తులతో కొడుతుంది, మార్క్స్‌మన్ విల్లుతో కొడుతుంది, ఫాల్కనర్ డేగని వెంటేసుకుని తిరుగుతుంది.

ఇలాంటిదే ఇంకో గేమ్ డయాబ్లో 4 ఉండగా ఇదెందుకు అని అడిగేవాళ్ళూ ఉన్నారు. డయాబ్లో 4 కూడా మంచి గేమే, అందులో రోగ్ కూడా బాగుంటుంది. కానీ అది నెట్ లేకపోతే తెరుచుకోదు. లాస్ట్ ఎపోక్‌లో పూర్తి ఆఫ్‌లైన్ మోడ్ ఉంది. మన గోదావరి జిల్లాల్లో వానాకాలం ఎలా ఉంటుందో మీకు చెప్పక్కర్లేదు. కాస్త ఈదురుగాలి వీస్తే చాలు, ఎక్కడో కొబ్బరిమట్ట తీగ మీద పడుతుంది, నెట్ పోతుంది. ఇన్వర్టర్ మీద లాప్‌టాప్ నడుస్తూనే ఉంటుంది, కానీ ఆన్‌లైన్ గేమ్ మాత్రం బాస్ మధ్యలో ఆగిపోతుంది. రాజోలు, అమలాపురం వైపు నుంచి ఈ మాటే ఎక్కువ వింటున్నాను. మీ పరిస్థితీ ఇదే అయితే మొదటిరోజే ఆఫ్‌లైన్ క్యారెక్టర్ చేసుకోండి. ఆఫ్‌లైన్‌లో పెంచిన క్యారెక్టర్‌ని తర్వాత ఆన్‌లైన్‌లోకి తీసుకెళ్ళడం కుదరదు, ఇది ముందే తెలిసి ఉండాలి.

బిల్డ్ ఎంచుకోవడానికీ ఈ ఆఫ్‌లైన్‌కీ సంబంధం ఉంది. ఈ గేమ్‌లో వస్తువుల కోసం రెండు వర్గాలున్నాయి. మర్చంట్స్ గిల్డ్‌లో చేరితే ఇతర ఆటగాళ్ళతో కొనుగోలు, అమ్మకం చేయొచ్చు. సర్కిల్ ఆఫ్ ఫార్చ్యూన్‌లో చేరితే మనకే మంచి వస్తువులు ఎక్కువగా పడతాయి. ఆఫ్‌లైన్‌లో కొనుగోలు అనేదే లేదు, సర్కిల్ ఆఫ్ ఫార్చ్యూన్ ఒక్కటే దిక్కు. కాబట్టి ఫలానా యూనిక్ బాకు, అంటే అరుదైన ప్రత్యేక బాకు దొరికితేనే నడిచే బిల్డ్ మనకి పనికిరాదు. నెట్‌లో టాప్ అని చూపించే బిల్డ్‌లు కొన్ని అలాంటివే. ఆ వీడియో చేసినాయన బాస్‌ని, అంటే పెద్ద శత్రువుని, చిటికెలో లేపేస్తాడు, మనం అవే పాయింట్లు పెట్టి, ఆ వస్తువు లేక మామూలు గుంపు దగ్గరే ఆగిపోతాం. దొరికిన గేర్‌తో, అంటే ఆయుధాలు, కవచాలతో నిలబడే బిల్డే మనకి స్ట్రాంగ్ బిల్డ్.

సరే, ఇప్పుడు ప్రాణం సంగతి. రోగ్ ఒళ్ళు పల్చన. సెంటినల్ లాగా కవచం వేసుకుని దెబ్బలు తినే క్లాస్ కాదు. దీని రక్షణ రెండు రకాలుగా వస్తుంది. ఒకటి డాడ్జ్: తప్పించుకుంటే దెబ్బ మొత్తం పోతుంది, లేకపోతే మొత్తం తగులుతుంది. రెండోది గ్లాన్సింగ్ బ్లో: తగిలిన దెబ్బ 35% తగ్గుతుంది. రెండిటికీ అవకాశం ఎంత శాతమో క్యారెక్టర్ షీట్‌లో కనిపిస్తుంది. డాడ్జ్ రేటింగ్ ఎక్కువ ఉందని నిశ్చింతగా ఉండకండి. పై లెవెల్ ఏరియాలకి వెళ్ళేకొద్దీ అదే రేటింగ్‌కి వచ్చే శాతం తగ్గిపోతుంది. గ్లాన్సింగ్ బ్లోకి ఆ ఇబ్బంది లేదు. షీట్‌లో 100% కనిపిస్తే ఏ ఏరియాలోనైనా 100 శాతమే. అందుకే నేను ముందు గ్లాన్సింగ్ పూర్తిచేసి, ఆ తర్వాతే డాడ్జ్ వైపు చూస్తాను.

మా తమ్ముడు వరసయ్యే కుర్రాడు ఒకడు భీమవరంలో ఇంజనీరింగ్ చదువుతున్నాడు. వాడు లాప్‌టాప్ పట్టుకొచ్చి, "అన్నయ్యా, సగానికి పైగా దెబ్బలు తప్పించుకుంటున్నాను కదా, మరి ఊరికే ఎందుకు చచ్చిపోతున్నాను?" అన్నాడు. షీట్ తెరిచి చూశాం. డాడ్జ్ బాగానే ఉంది. పాయిజన్ రెసిస్టెన్స్, అంటే విషాన్ని తట్టుకునే శక్తి చూస్తే 15%. వాడు పడిపోయే చోటు చూస్తే, నేల మీద విషం మరకల్లో నిలబడి ఫ్లర్రీ అనే స్కిల్ కొడుతున్నాడు. డాడ్జ్ అయినా గ్లాన్సింగ్ అయినా నేరుగా తగిలే దెబ్బకే పనిచేస్తాయి. నేల మీద విషం, ఒంటి మీద మంట, రక్తం కారడం గట్రా నెమ్మదిగా తినేసే వాటిని అవి ఆపలేవు. అక్కడ ఆదుకునేది రెసిస్టెన్స్.

ఇందులో రెసిస్టెన్స్‌లు ఏడు: ఫిజికల్, ఫైర్, కోల్డ్, లైట్నింగ్, నెక్రోటిక్, పాయిజన్, వాయిడ్. ఒక్కోటి 75% దాకానే పనిచేస్తుంది. చాలామంది గమనించని విషయం ఇంకొకటి ఉంది. ఏరియా లెవెల్ పెరిగేకొద్దీ శత్రువులకి రెసిస్టెన్స్‌ని చీల్చే శక్తి కూడా లెవెల్‌కి 1% చొప్పున పెరుగుతూ 75% దగ్గర ఆగుతుంది. అంటే పెద్ద లెవెల్స్‌లో మీకు 75% ఉంటే 1000 దెబ్బ 1000గానే తగులుతుంది. 15% ఉంటే అదే దెబ్బ 1600 అవుతుంది. గ్లాన్సింగ్ పడితే మొదటిది 650కి దిగుతుంది, రెండోది 1040 దగ్గర ఉంటుంది. మీ హెల్త్ 1000 అనుకోండి. మొదటి రోగ్ నిలబడుతుంది, రెండో రోగ్ పడిపోతుంది. కత్తి ఒకటే, స్కిల్స్ ఒకటే, తేడా అంతా ఆ ఒక్క గడిలోనే. ఏటిగట్టు ఎన్ని మైళ్ళు గట్టిగా ఉన్నా ఒక్కచోట గండి పడితే ఊరంతా మునుగుతుంది కదా, ఏడు రెసిస్టెన్స్‌ల సంగతీ అంతే. ఆరు నిండినా ఏడోది ఖాళీగా ఉంచకూడదు.

నింపడం పెద్ద కష్టమేమీ కాదు. క్రాఫ్టింగ్‌లో, అంటే వస్తువుల్ని మెరుగుపరచుకోవడంలో వాడే రెసిస్టెన్స్ షార్డ్‌లు ధారాళంగా దొరుకుతాయి. అఫిక్స్‌ని, అంటే వస్తువు మీదుండే అదనపు గుణాన్ని ఐదో టియర్ (మెట్టు) దాకా మన చేత్తో పెంచుకోవచ్చు, వస్తువులో ఫోర్జింగ్ పొటెన్షియల్, అంటే ఇంకా మార్చుకునే వీలు ఉన్నంతవరకూ. ఆరు, ఏడు టియర్‌లు మాత్రం కింద పడినవే తీసుకోవాలి. ఐడల్స్ అనే చిన్న బొమ్మ వస్తువుల్లో కొంత, కథ అయ్యాక ఆడే మోనోలిత్ ఆఫ్ ఫేట్‌లో బాస్‌లు ఇచ్చే బ్లెస్సింగ్స్ అనే వరాల్లో కొంత సర్దుకోవచ్చు. ఇంకొకటి చూడాలి, క్రిటికల్ స్ట్రైక్ అవాయిడెన్స్. అది 100 శాతానికి చేరితే శత్రువు దెబ్బ క్రిటికల్, అంటే మామూలు కన్నా పెద్ద దెబ్బ అవ్వదు. ఉన్నట్టుండి ఒక్క దెబ్బకి పోయే చావులు చాలావరకూ ఇక్కడ ఆగిపోతాయి.

ఇంక డ్యామేజ్. ఇక్కడ రెండే మాటలు గుర్తుపెట్టుకోండి: ఇంక్రీజ్డ్, మోర్. ఇంక్రీజ్డ్ అన్నవన్నీ ఒకదానికొకటి కూడతాయి. మోర్ అన్నది విడిగా గుణిస్తుంది. మీ స్కిల్ 100 కొడుతుంది, ఇప్పటికే 200% ఇంక్రీజ్డ్ ఉంది, అంటే 300. దానికి ఇంకో 40% ఇంక్రీజ్డ్ కలిపితే 340. అదే 40% మోర్ కలిపితే 420. స్కిల్ ట్రీలో, అంటే ఒక స్కిల్‌కి పాయింట్లు పెట్టే పటంలో పక్కపక్కనే రెండు నోడ్‌లు (గడులు) ఉంటే, శాతం చిన్నదైనా మోర్ ఉన్న నోడ్ వైపు ముందు చూడండి. రోగ్ పాసివ్‌లలో (ఎప్పుడూ పనిచేసే గుణాల్లో), గేర్‌లో ఇంక్రీజ్డ్ ఎలాగూ బోలెడు వస్తుంది. మోర్ ఎక్కువగా స్కిల్ ట్రీలలోనే దొరుకుతుంది.

స్పెషలైజ్ చేసుకోవడానికి ఐదు స్కిల్స్ స్థానం ఉంది, ఒక్కో స్కిల్‌కి సొంత ట్రీ. ఐదిటినీ డ్యామేజ్‌కే పెడితే ఏదీ పదునుగా ఉండదు. కొట్టేది ఒక్కటే పెట్టుకోండి. ఒకటి కదలడానికి, దానికి షిఫ్ట్ అనే దూకుడు స్కిల్ చాలు. ఒకటి కాపాడటానికి, అది నా లెక్కలో స్మోక్ బాంబే. పొగలో నిలబడితే డస్క్ ష్రౌడ్ అనే రక్షణ పోగవుతుంది, దాంతో గ్లాన్సింగూ డాడ్జూ రెండూ పెరుగుతాయి. మిగిలిన రెండూ ఆ ఒక్క కొట్టుడు స్కిల్‌కి సాయంగా ఉండాలి.

ఇక మాస్టరీలు. నా ఓటు బ్లేడ్‌డాన్సర్‌కి, అందులోనూ షాడో కాస్కేడ్ అనే స్కిల్‌కి. మీరు ఒక వేటు వేస్తే, అప్పటికి చుట్టుపక్కల నిలబడి ఉన్న మీ నీడలన్నీ అదే వేటు వేస్తాయి. కాబట్టి ఆట అంతా నీడల్ని ఎక్కడ నిలబెట్టాలన్న దాని మీద నడుస్తుంది. గుంపులోకి షిఫ్ట్ అవ్వండి, స్మోక్ బాంబ్ వెయ్యండి, ఆ పొగలో నిలబడి కాస్కేడ్ కొట్టండి. షిఫ్ట్ ట్రీలో పాయింట్లు సరిగ్గా పెడితే దూకిన చోట నీడ మిగులుతుంది, తర్వాతి వేటుకి అది కూడా చెయ్యి కలుపుతుంది. అంబ్రల్ బ్లేడ్స్‌తో కూడా మంచి బిల్డ్ కుదురుతుంది. విసిరిన కత్తులు నేలలో దిగి ఉంటాయి, వెనక్కి పిలిస్తే దారిలో ఉన్నవాళ్ళని కోసుకుంటూ వస్తాయి. అది చూడటానికి చాలా అందంగా ఉంటుంది. కానీ విసరడం, పిలవడం రెండు పనులు కాబట్టి చెయ్యి అలవాటు పడాలి. బ్లేడ్‌డాన్సర్‌కి లీచ్ మర్చిపోవద్దు. దగ్గర నిలబడి కొట్టేదానికి కొట్టినకొద్దీ హెల్త్ వెనక్కి రావాలి.

మార్క్స్‌మన్ గురించి ఎక్కువ చెప్పను. డిటోనేటింగ్ యారో, మల్టీషాట్, హెయిల్ ఆఫ్ యారోస్, విల్లు ఇష్టపడేవాళ్ళకి పండగే. దూరంగా ఉంటాం కదా అని రెసిస్టెన్స్ వదిలేస్తారు, అక్కడే దొరికిపోతారు. పైగా పాత లాప్‌టాప్‌లో స్క్రీన్ నిండా బాణాలు, పేలుళ్ళు వస్తే ఫ్రేమ్‌లు పడిపోతాయి. గ్రాఫిక్స్ తగ్గించుకుని ఆడండి.

ఫాల్కనర్ మొదటిసారి ఆడేవాళ్ళకి నేను ధైర్యంగా చెప్పే మాస్టరీ. డేగ తన పని తాను చేసుకుంటూ ఉంటుంది, డైవ్ బాంబ్ అంటే పైనుంచి దూకి కొడుతుంది. మీ రెండు చేతులూ ఖాళీ కాబట్టి మీరు కదలడం మీద దృష్టి పెట్టొచ్చు. ఎక్స్‌ప్లోజివ్ ట్రాప్‌లు విసురుతూ, మీదికొచ్చేవాళ్ళని నెట్ అనే వల స్కిల్‌తో పట్టి ఉంచి దూరం కాపాడుకోవచ్చు. కానీ డేగ కొడుతోంది కదా అని మనం ఒకచోట నిలబడితే, దెబ్బ తగిలేది మనకే.

ఏది ఎంచుకున్నా లాగాన్ అనే బాస్ దగ్గర అసలు రంగు బయటపడుతుంది. కథలో సముద్రం మీద రాజ్యం చేసే దేవుడు ఆయన. అరుగు అంచున నీళ్ళలో నిలబడి మీదికి కెరటాలు తోలతాడు. షిఫ్ట్ దేనికి దాచుకోవాలో అక్కడ నేర్చుకుంటారు. చేతికొచ్చినప్పుడల్లా షిఫ్ట్ వాడేసి, పెద్ద దెబ్బ వచ్చే వేళకి అది కూల్‌డౌన్‌లో, అంటే మళ్ళీ వాడేందుకు ఇంకా సిద్ధం కాకుండా ఉంటే ఇక అంతే. అక్కడ ఆగిపోయారంటే కత్తి మార్చేముందు రెసిస్టెన్స్ గడులు చూసుకోండి. కథ అయ్యాక మోనోలిత్‌లో కరప్షన్‌ని, అంటే కష్టం స్థాయిని మెల్లగా పెంచండి. సులువుగా గెలుస్తున్నారని ఒక్కసారే పైకి లాగొద్దు.

బ్లేడ్‌డాన్సర్ తీసుకుని నచ్చకపోతే ఎలా అని అడిగారు కొందరు. ఇదివరకు మాస్టరీ ఒకసారి ఎంచుకుంటే అంతే, మార్చే వీలు ఉండేది కాదు. 2025 ఏప్రిల్‌లో వచ్చిన 1.2 ప్యాచ్ నుంచి మార్చుకోవచ్చు. పాసివ్ పాయింట్లు వెనక్కి తీసుకోవడానికి గోల్డ్ ఖర్చవుతుంది, స్కిల్ ట్రీలో తీసేసిన పాయింట్లు మళ్ళీ ఆడి సంపాదించుకోవాలి. కాబట్టి ఉన్న గోల్డ్ అంతా గేర్ మీద ఊడ్చేయకుండా కొంత పక్కన ఉంచండి. ప్యాచ్ వచ్చినప్పుడల్లా స్కిల్స్ అంకెలు కొంచెం అటూఇటూ అవుతుంటాయి, కంగారుపడి బిల్డ్ మొత్తం కూల్చేయకండి.

మీ రోగ్ ఏ లెవెల్లో ఉంది, ఏ శత్రువు చేతిలో ఎక్కువగా పడిపోతోంది, ఏడు రెసిస్టెన్స్‌లు ఎంతెంత ఉన్నాయి, ఈ మూడూ కామెంట్లో రాయండి. కరెంటు ఉన్నంతసేపూ కూర్చుని ఒక్కొక్కరికీ జవాబిస్తాను.