దూరాన ఉన్న తోడు నక్షత్రం చేసే పని

మిత్రులారా, సిగ్నస్ తారామండలంలో, మనకు సుమారు 69 కాంతి సంవత్సరాల దూరంలో సూర్యుడిని పోలిన నక్షత్రాలు రెండున్నాయి. 16 సిగ్ని ఎ, 16 సిగ్ని బి అంటారు. చిన్న టెలిస్కోపులో చూసినా విడివిడిగా కనిపిస్తాయి. వాటి మధ్య ఎడం భూమికీ సూర్యుడికీ ఉన్న దూరానికి 800 రెట్లకు పైనే. ఒక చుట్టు పూర్తికావడానికి వేల ఏళ్ళు కావాలి.

1996లో బి చుట్టూ ఒక గ్రహం తిరుగుతోందని తేలింది. గురుడి కన్నా బరువైనది, దాదాపు 800 రోజులకు ఒక చుట్టు వేస్తుంది. ఆశ్చర్యమంతా దాని దారిలోనే ఉంది. మన సూర్యుడి చుట్టూ తిరుగుతుంటే, ఒకవైపు శుక్రుడి కన్నా లోపలికి వచ్చేది, ఇంకోవైపు కుజుణ్ణి దాటి గ్రహశకలాల పట్టీ దాకా పోయేది. ధూళి, వాయువుల పళ్ళెంలో పుట్టే గ్రహానికి మొదట దాదాపు గుండ్రని కక్ష్యే ఉంటుందని మన అంచనా. మరి దీని కక్ష్య ఎందుకు ఇంతలా సాగింది?

ఆ పని ఎ నక్షత్రానిదేనని 1997లో కొందరు శాస్త్రవేత్తలు ప్రతిపాదించారు. నాకూ అదే సబబుగా తోస్తుంది. దీని వెనకున్న గణితాన్ని 1960ల మొదట్లోనే సోవియట్ శాస్త్రవేత్త లిడోవ్, జపాన్‌కు చెందిన కొజాయ్ ఎవరికి వారే తేల్చారు. లిడోవ్ చూసింది కృత్రిమ ఉపగ్రహాల్ని, కొజాయ్ చూసింది గ్రహశకలాల్ని. గ్రహం తిరిగే తలానికీ తోడు నక్షత్రం తిరిగే తలానికీ మధ్య వాలు సుమారు 40 డిగ్రీలు దాటితే, ఆ తోడు నక్షత్రపు కొద్దిపాటి ఆకర్షణే పోగుపడుతూ కక్ష్యను సాగదీస్తుంది. సాగేకొద్దీ వాలు తగ్గుతుంది. తర్వాత వాలు పెరిగి, కక్ష్య మళ్ళీ గుండ్రమవుతుంది. ఒక్కో విడతకు కోట్ల ఏళ్ళు పట్టొచ్చు.

హెచ్‌డీ 80606 అనే నక్షత్రం దగ్గర ఇది ఇంకా తీవ్రం. దానికీ దూరాన ఒక తోడుంది. దాని గ్రహం 111 రోజులకోసారి నక్షత్రానికి అతి దగ్గరగా దూసుకుపోతుంది. అలా వెళ్ళేటప్పుడు ఆ గ్రహపు వేడి ఆరు గంటల్లో దాదాపు 700 డిగ్రీల మేర పెరగడాన్ని స్పిట్జర్ టెలిస్కోపు 2007లో గమనించింది.

అయితే దూరపు తోడు ఉన్నచోటల్లా ఇలా జరగదు. 55 కాన్‌క్రి అనే నక్షత్రానికి కూడా ఒక ఎర్ర మరుగుజ్జు (చిన్న, మసక నక్షత్రం) తోడుంది, భూమి-సూర్యుల దూరానికి సుమారు 1000 రెట్ల ఎడంలో. అయినా దాని ఐదు గ్రహాల కక్ష్యలు అంతగా సాగలేదు. అవి ఒకదాన్నొకటి లాక్కుంటూ కలిసికట్టుగా కదులుతాయి కాబట్టి, బయటి నక్షత్రం ఏ ఒక్కదాన్నీ విడదీసి సాగదీయలేదు. 16 సిగ్ని బి దగ్గర మాత్రం ఇప్పటిదాకా కనిపించిన గ్రహం ఒక్కటే.